ముందొచ్చిన పొగ

ప్లగ్గు ఇంకా దాలినాయుడి చేతిలోనే ఉంది. గింజల సంచి మూతి కూడా విప్పలేదు. అయినా వంటింటి వెనక గదిలో కాఫీ గింజలు వేగిన పొగ గుప్పున లేచి శ్లాబు దాకా కమ్ముకుంది.

“ఏటయ్యా, అప్పుడే మాడబెట్టేసావా?” ముందుగదిలోంచి పెళ్ళాం వరాలమ్మ కేకేసింది. కేక వెనకాలే దగ్గు.

“ఇంకా మొదలెట్టనేలేదే తల్లీ! ప్లగ్గు నా సేతిలో ఉంది. వచ్చి సూసుకో!”

“మరి పొగెక్కడిది?”

“నన్నడుగుతావేటి? ఇక్కడ ఇంజనీరుగారు మోకాళ్ళమీద కూకున్నారు, ఆరినడుగు!”

ఇంజనీరుగారంటే వరాలమ్మ తమ్ముడు జోగారావు. ఊరి చివర ఒక కాలేజీలో కుర్రాళ్ళకి పాఠాలు చెబుతాడు. సెలవు దొరికిందంటే చాలు, మర్రిపాలెంలో అక్క ఇంటికి స్కూటరేసుకొచ్చి గింజలు వేయించే ఈ మిషను ముందు కూలబడతాడు. ఇప్పుడూ అలాగే కూలబడి, పొగలో కళ్ళు చికిలించుకుంటూ, మిషను పక్కనున్న మీటని గోరంత పైకి జరిపాడు.

“నిన్న వేయించినప్పటి పొగే బావా ఇది. మూలల్లో ఉండిపోయింది. గాలి ఇంకాస్త పెంచితే సరి.”

“నిన్నటి పొగ ఇయ్యాల లేస్తాదేటిరా? అదేమైనా రాత్రంతా నిద్దరోయిందేటి?”

జోగారావు గడ్డం గోక్కుంటూ మిషనుకేసి చూసాడు. చదువుకున్నవాళ్ళకి ఇదొక సుఖం. తెలియనప్పుడు ఆలోచిస్తున్నట్టు కనబడితే సరిపోతుంది. దాలినాయుడిలా ఏడో క్లాసులో బడి మానేసినవాడు అదే మొహం పెడితే నిద్రమొహం అంటారు.

మిషను చూడ్డానికి గ్యాసు బండకి తమ్ముడిలా ఉంటుంది. లోపల తిరిగే స్టీలు డబ్బా, కింద వేడెక్కే కాయిలు, వెనక ఒక ఫ్యాను. ఫ్యాను లాగే గాలి గింజల మధ్యనుంచి పోయి, పొగనీ పొట్టునీ ఊడ్చుకుపోవాలి. తంటా అంతా అక్కడే ఉంది. గాలి తగ్గిందా, పొట్టు డబ్బాలోనే పడి మాడి, గింజకి కాలిన గుడ్డ వాసన పడుతుంది. గాలి పెరిగిందా, గింజ పైన ఎర్రబడి లోపల పచ్చిగా మిగులుతుంది. గింజల చిటపటలు మొదలవకముందు ఎంత గాలి, మొదలయ్యాక ఎంత అని ఆ మీటని సరిచూడ్డానికి బావా బావమరుదులు సంచులకి సంచులు గింజలు తగలేసారు.

పొగ సంగతి వేరే. మామూలు మిషనుకైతే కిటికీలోంచి బయటికి గొట్టం పెట్టాలి. దీనికి గొట్టం లేదు. పొగ ఫ్యాను డబ్బాలోకి పోతుంది, అంతే, మళ్ళీ రాదు. వేయిస్తున్నంతసేపూ గదిలో అగరొత్తి పాటి పొగ కనబడదు. ఫ్యానుకి చుట్టిన తీగ జోగారావు తెచ్చిందే. కాలేజీలో పారేసిన ఏదో పాత పరికరంలోంచి లాక్కొచ్చాడు. బూడిదరంగు తీగ, ఎంత ఎండలో పెట్టినా చల్లగానే ఉండేది. చుట్టింది మాత్రం దాలినాయుడు. కంచరపాలెంలో అతనికి మోటారు వైండింగు షాపు ఉంది. ఎడమచేతి వాటం కావడంతో అతని చుట్లన్నీ ఎదురు తిరుగుతాయి. ఆఖర్న కొసలు మార్చి కలిపేసుకుంటాడు కాబట్టి ఇన్నేళ్ళలో ఎవరికీ తేడా తెలియలేదు. ఈసారి కొసలు మార్చకముందే జోగారావు తొందరపడి డబ్బా బిగించేసాడు. ఫ్యాను చక్కగా తిరిగింది. ఇంక విప్పేదెవరు?

పొగ తినే మిషను చేసానని జోగారావు పొంగిపోయాడు. పొంగడానికి కారణం ఉంది. అది అతను ‘అప్పా’ అని పిలిచే అక్క కోసం చేసాడు.

వరాలమ్మ ఇంట్లోనే కాఫీపొడి చేసి అమ్ముతుంది. అరకునుంచి పచ్చి గింజలు తెప్పించి, ఇనప మూకుట్లో వేయించి, మరపట్టి, వేడిగా ఉండగానే పొట్లం కడితే, రైల్వే క్వార్టర్స్‌లో సగం ఇళ్ళు ఆ వాసనకే నిద్రలేచేవి. ఆమెకి ఉబ్బసం చిన్నప్పట్నుంచీ ఉన్నదే. అదొక మూల పడుండేది. సింహాచలం గిరిప్రదక్షిణకి ఏటా చెప్పుల్లేకుండా కొండ చుట్టూ నడిచొచ్చేది. నడవలేక మధ్యలో ఆటో ఎక్కేసేవాడు దాలినాయుడే.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఆ వెనక గదిలో ఆమె పొట్లాలు కడుతుండగా, ఎక్కడ్నుంచో నల్లటి పొగ కమ్మేసింది. తలుపు గెడ తీసి ఇవతల పడేసరికి స్పృహ లేదు. ఆసుపత్రిలో చాలా రోజులుంది. బతికింది గానీ, ఊపిరితిత్తులు సగానికి సగం పాడయ్యాయన్నారు. ఇప్పుడు వీధి చివర కూరల బండి దాకా వెళ్ళి రావాలన్నా దార్లో గోడలు పట్టుకుని ఆగాలి.

ఆ రోజు పొద్దున్న మూకుట్లో గింజలు వేయించింది దాలినాయుడు. వేయించి, దింపి, పొయ్యి ఆర్పి, షాపుకెళ్ళాడు. ఆర్పాడు. ఆర్పానని సింహాద్రప్పన్న మీద ఒట్టేసి చెప్పాడు. వినేదెవరు? మూకుడు పొయ్యిమీద వదిలేసి పోయాడని వరాలమ్మ అంది, జోగారావు అన్నాడు, ఆసుపత్రిలో పక్కమంచం ఆవిడ కూడా అంది. పొయ్యి చల్లగా ఉంది కదర్రా, మూకుడు బోర్లించి ఉంది కదర్రా అని అరిచి అరిచి అతని గొంతు పోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ గొడవ ఎక్కడ మొదలైనా ఆ పొయ్యి దగ్గరికే వచ్చి ఆగుతుంది. కూరలో ఉప్పెక్కువైందంటే, “పెళ్ళానికి పొగెట్టినోడు ఉప్పు గురించి మాటాడతన్నాడు” అంటుంది. ఫ్యాను స్విచ్చి కట్టడం మరిచిపోతే చాలు, “ఇలగే కదూ ఆ రోజు కూడా” అంటుంది.

చేసిన తప్పుకి తిట్లు తింటే కడుపు నిండుతుంది. చెయ్యనిదానికి తింటే ఎంత తిన్నా అరగదు. దాలినాయుడికి ఏడాదిగా అజీర్తి.

*

పొగ రహస్యం ఇంగువ దగ్గర బయటపడింది.

ఒకనాడు దాలినాయుడు షాపుకి బయల్దేరుతుంటే ఇల్లంతా ఇంగువ కంపు. వాళ్ళింట్లో ఇంగువ వాడరు. వరాలమ్మకి గిట్టదు. పక్కింటి సత్తెమ్మ గోడమీంచి తొంగి చూసి, “ఏటి వరాలూ, పులిహోర కలిపావేటి? మాకూ కాసింత పడెయ్యి” అని నవ్వింది.

“పులిహోరా లేదు, నా మొహమూ లేదు. ఈయనే ఎక్కడో తొక్కొచ్చుంటాడు,” అంది వరాలమ్మ, ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని.

దాలినాయుడు చెప్పులు తిరగేసి చూసుకుని మరీ వెళ్ళాడు.

సాయంత్రం జోగారావు కాలేజీ నుంచి తిన్నగా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. “బావా, ఒక ఉపాయం తట్టింది. పొగ నిజంగా పోతోందా, ఎక్కడైనా కారుతోందా అన్నది తేల్చుకోవాలి కదా. కాఫీ వాసన ఈ ఇంట్లో ఎప్పుడూ ఉండేదే, దాంతో కనిపెట్టలేం. అందుకని ఇంట్లో ఎప్పుడూ ఉండనిది తెచ్చాను,” అంటూ జేబులోంచి పొట్లం తీసాడు.

పొట్లం విప్పక్కర్లేకపోయింది. దాలినాయుడు పొట్లంకేసీ బావమరిదికేసీ మార్చి మార్చి చూసి, గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

“ఇదెప్పుడు కొన్నావురా?”

“ఇప్పుడే. దార్లో.”

“పొద్దున్న కొన్లేదూ?”

“పొద్దున్న నాకీ ఆలోచనే లేదు బావా.”

“నీకు లేదు గానీ మీ అప్ప ముక్కుకుంది! పొద్దుట్నించీ దీని కంపుతో సస్తన్నాం. నా సెప్పులు కూడా తిరగేసి సూసుకున్నాను! ఒరే, నువ్వు సాయంత్రం ఏసే ఇంగువ పొద్దున్నే వచ్చి కూకుంటే ఇదేం మిషనురా? పొగ తినేస్తాదన్నావు. తినట్లేదురా ఇది, వెనక్కి తోసేస్తంది!”

జోగారావు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆపేసాడు. మీటని సగానికి జరిపి, గింజలతోపాటు ఇంగువ వేసి వేయించాడు. నుదుటిమీంచి చెమట కారుతున్నా తుడుచుకోలేదు. గదిలో పిసరంత వాసన లేదు. అంతా పొద్దుటికే వెళ్ళిపోయింది.

ఎందుకలా అవుతోందో అతనికీ అంతు చిక్కలేదు. తీగ విప్పి చూద్దామంటే, విప్పితే మళ్ళీ ఇలా రాదేమోనని భయం. “బావా, ఇది మామూలు సంగతి కాదు. ప్రపంచంలో ఎవరూ…” అని మొదలెట్టాడు.

“ప్రపంచం సంగతి తర్వాత. మీ అప్పకి పొగ పడదని కదా ఇది సేసావు? మొత్తం పొగంతా దాని ముక్కు కిందికే వస్తంది. ఇదివరకు నాను వేయించేటప్పుడు బయటికెళ్ళి కూకునేది. ఇప్పుడు ఎప్పుడెళ్ళాలో కూడా తెలీదు!”

దాలినాయుడికి వచ్చిన ఆలోచన సులువైనదే. పొగ ముందొస్తుంది, వేపుడు తర్వాత. మరి పొగొచ్చాక వేయించకపోతే?

ఆ వారంలోనే ఒక పొద్దున్న పొగ రాగానే, మిషను వైరు ఊడబీకి సంచిలో వేసుకుని షాపుకి పట్టుకుపోయాడు. రోజంతా మిక్సీ మోటార్లు విప్పుతూ, చుడుతూ, మేకుకి తగిలించిన ఆ వైరుకేసి చూసి మురిసిపోయాడు. టీ కొట్టువాడితో కూడా నవ్వుతూ మాట్లాడాడు. వాడు అనుమానంగా చూసి, ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఇంటికెళ్ళేసరికి వరాలమ్మ వేడి వేడి పొడి పొట్లం కడుతోంది.

“ఏ వైరుతో వేయించావే?”

“మిక్సీ వైరుతో. అన్నీ ఒకటే కదేటి? క్వార్టర్స్ నుంచి టీచరమ్మ వచ్చి కూకుంది. కొడుక్కి పెళ్ళిచూపులంట, తాజా పొడి కావాలంట. నువ్వు వైరు పట్టుకుపోతే నానేటి సెయ్యాలి, పెళ్ళోరికి గింజలెట్టి నమలమనాలా?”

దాలినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. ఇంకోసారి మీటనే ఊడదీసి బియ్యం డబ్బాలో దాచాడు. జోగారావు వచ్చి, మీట విరిగిపోయిందేమోననుకుని, స్క్రూడ్రైవరుతో తిప్పి వేయించేసాడు. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. కానీ ఒకసారి పొగొచ్చిందంటే, దాని వేపుడు ఎవరో ఒకరి చేతిమీదుగా జరిగి తీరుతోంది.

మీట పైకి పోయేకొద్దీ పొగ ఇంకా వెనక్కి పోతోందని కూడా తేలింది. కింద ఉంటే కాసేపటి ముందుకి. సగంలో ఉంటే ఆ పొద్దుటికి. జోగారావు ముప్పావుదాకా నెట్టి వేయించిన రోజున మాత్రం, ముందు ఏ పొగా రాలేదు. వాళ్ళు అయోమయంగా చూసుకుంటుంటే వరాలమ్మే గుర్తుచేసింది. “వినాయక చవితి నాడు రాలేదేటి? ఉండ్రాళ్ళు ఉడుకుతుంటే కాఫీ పొగొచ్చింది. ఎదురింటోళ్ళు వేయిస్తన్నారని నాను దెబ్బలాటకి కూడా వెళ్ళాను.”

“చవితికి ఈ మిషనే లేదు కదే!”

“మిషను లేదు. గది ఉంది కదా.”

“మరి మీట మొత్తం పైకి నెట్టేస్తేనో?” అని అడిగింది దాలినాయుడే. అడక్కపోయినా బాగుండేది.

జోగారావు సుద్దముక్కతో నేలమీద ఏదో గీసాడు, చెరిపాడు, మళ్ళీ గీసాడు. సుద్ద చేతిలోనే విరిగింది. “పోయిన ఎండాకాలం,” అన్నాడు.

వరాలమ్మ గుమ్మంలో కూచుని చేటలో గింజలు చెరుగుతోంది. చేట ఆగిపోయింది.

ఏడాదిగా దాలినాయుడు ఎదురుచూసిన ఘడియ ఇది. “సూసావా!” అని ఎగిరి లేచాడు. “నానార్పేసానని సెప్పలేదేటి? మూకుడు బోర్లించి ఉందని మొత్తుకోలేదేటి? ఒక్కరంటే ఒక్కరు నమ్మేరా? మీ అక్కా తమ్ముళ్ళిద్దరూ కలిసి నన్ను…” అని అరవబోయి, బావమరిది మొహం చూసి, మిగతాది మింగేసాడు.

జోగారావు గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. “అప్పకి అలా అయిందని కదా బావా ఇది చేసాను. ఇది చేసాను కాబట్టి అప్పకి అలా…”

“నోర్ముయ్యి. తల తిరుగుతంది,” అంది వరాలమ్మ.

దాలినాయుడు పెరట్లోకెళ్ళి సుత్తి పట్టుకొచ్చాడు. మిషను మీదికి ఎత్తాడు కూడా.

“ఆగు,” అంది వరాలమ్మ. “ఇది ఎప్పుడైనా నీ మాట విందేటి? వైరు తీసావు, మీట తీసావు. ఏటైంది? ముక్కలు సేస్తావు. ఆ తీగ అట్టుకెళ్ళి ఈడు మళ్ళీ బిగిస్తాడు. బిగించనని ఇప్పుడంటాడు, రేపు ఊరుకోలేడు, నాకు తెలీదేటి ఈడి సంగతి? ఎవడో ఒకడు ఎప్పుడో ఈ గదిలో మీట పైకి నెట్టేసి, ఫోనొచ్చిందని బయటికి పోతాడు. నాను అక్కడ…” దగ్గు వచ్చి మాట తెగిపోయింది. ఉబ్బసం మందు పంపు తీసి పీల్చుకుని, ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ అందుకుంది. “ఆ రోజు నాను బతికానంటే ఎవరో ఆపబట్టే కదా. ఆ ఆపినోళ్ళెవరో నాకు తెలియాలి. నా ఊపిరి ఎవడి సేతిలో ఉందో తెలీకుండా రోజూ ఎలగ పడుకోమంటావు?”

“అయితే ఏటంటావు?”

“ఆ పని నా కళ్ళముందర అయిపోవాలి. నువ్వు సెయ్యి.”

“నానా!” దాలినాయుడి చేతిలోంచి సుత్తి కిందపడింది. “నాను సెయ్యలేదు మొర్రో అని ఏడాదంతా ఏడిస్తే, ఇప్పుడు నా సేత్తో నన్నే సెయ్యమంటావేటి? మనిషిలా కనబడ్డంలేదేటే నీ కంటికి?”

“మరెవరు సేస్తారు? ఈడా? ఈడి సేతులు సూడు.”

జోగారావు చేతులు వెనక్కి దాచుకున్నాడు. “ఏ రోజు చేస్తే సరిగ్గా ఆ రోజుకి వెళ్తుందో లెక్క తేలాలి అప్పా,” అన్నాడు నీరసంగా.

“ఏ రోజు సేస్తే అదే ఆ రోజుకెళ్తాది. లెక్కలింక సాల్లే నాయినా.”

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలెట్టారు. ఎవరూ సరిగ్గా తినలేదు. జోగారావు వీధి మెట్టు మీద, లోపలికి వీపు పెట్టి కూచున్నాడు. వరాలమ్మ పీట వేసుకుని మిషనుకి ఎదురుగా కూచుంది. పంపు ఒళ్ళో పెట్టుకుంది.

దాలినాయుడు గింజలు పోసాడు.

“ఇంకొన్ని గింజలు పొయ్యి,” అంది. “ఆ రోజు పొగ అంత సన్నంగా లేదు.”

పోసాడు. మీటని ఆఖరిదాకా నెట్టాడు. ఫ్యాను హోరెత్తింది. పచ్చి గింజ పసుపు తిరిగి, పసుపు ఎరుపైంది. కాసేపటికి చిటపటలు మొదలయ్యాయి. గదిలో మాత్రం ఏమీ లేదు. ఇంత చక్కటి గాలి ఆ గదిలో ఎప్పుడూ ఆడలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది, ఆ ఎండలో దుమ్ము కణాలు కూడా తీరిగ్గా తేలుతున్నాయి.

వరాలమ్మ కళ్ళు మూసుకుంది. “ఇదిగో, ఇలగే మొదలైంది. ముందు సన్నగా వచ్చింది. నువ్వు మర్చిపోయిన మూకుడే అనుకున్నాను. తిట్టుకున్నాను.”

“తిట్టుకుంటావు, నీకేం పోయింది.”

“మాటాడకు, మీట సూడు. ఇప్పుడు సిక్కబడింది. కళ్ళు మంట. పొట్లాలు వదిలేసి గోడ పట్టుకున్నాను.”

చిటపటలు ఆగి, ఇంకో రకంగా, సన్నగా, గబగబా మొదలయ్యాయి. మిషను అద్దంలోంచి చూస్తే గింజలు నల్లబడి నూనె కక్కుతున్నాయి. బుద్ధున్నవాడెవడూ అక్కడిదాకా వేయించడు.

“తలుపెటుందో తెలీలేదు. కింద కూకున్నాను. పంపేమో ముందుగదిలో ఉండిపోయింది. నిన్ను పిలిచాను. షాపులో ఉన్నావని తెలుసు, అయినా పిలిచాను.”

“సాల్లే. ఆపేస్తాను.”

“ఆపకు. ఇంకా ఉంది. ఇంతకంటే ఎక్కువైంది నాకు.”

ఆమె గొంతులో తడబాటు లేదు. ఎవరికో జరిగినది చెబుతున్నట్టు చెబుతోంది. దాలినాయుడికి అది వినబడలేదు. ఇదే గదిలో, ఇదే గోడ కింద, తన పేరు పెట్టి పిలుస్తూ ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషి వినబడింది. ఆ మనిషి మెడమీద తన చెయ్యే ఉంది. చెయ్యి తీస్తే ఆమెకి గాలి అందుతుంది. అంతే అతనికి తెలిసింది. మీటని కిందికి లాగేసాడు.

ఫ్యాను హోరు దిగిపోయింది. ఆ కాసేపటి పొగ ఇంకే రోజుకి మళ్ళిందో అతనికి పట్టలేదు.

వరాలమ్మ కళ్ళు తెరిచి అతని చేతికేసి చూసింది. “తగ్గింది,” అంది ఆశ్చర్యంగా. “అవునయ్యా. మధ్యలో ఒకసారి తగ్గింది. ఒక్క గుక్క గాలి అందింది నాకు.”

అప్పుడే డబ్బాలో బుస్సుమంది. గాలి చాలక పోగుపడిన పొట్టు అంటుకుంది. అద్దం ఎర్రబడింది. మూత సందుల్లోంచి, ఇన్నాళ్ళలో మొదటిసారి, ఇక్కడికి, ఈ మధ్యాహ్నంలోకి నల్లటి పొగ తన్నుకొచ్చింది. వరాలమ్మ దగ్గింది. రెండో దగ్గుకి ఊపిరి చిక్కలేదు. చేతిలోంచి పంపు జారి మిషను కిందికి దొర్లిపోయింది.

దాలినాయుడు ఏమీ ఆలోచించలేదు. ఎదురుగా పెళ్ళాం ఊపిరాడక మెడ పట్టుకుంది. గది నుంచి ఆ పొగ పోవాలి. మీటని ఒక్క తోపు తోసి ఆఖరిదాకా నెట్టేసాడు.

గది ఒక్కపెట్టున శుభ్రమైపోయింది. ఆమె గాలి పీల్చుకుంది. ఎండలో దుమ్ము కణాలు మళ్ళీ కనబడ్డాయి.

ఆ పొగంతా ఎవరి మీదికి నెట్టాడో అప్పుడర్థమైంది.

“తర్వాతేటి? వరాలూ, సెప్పవే! తర్వాతేటైంది?”

“రెట్టింపొచ్చింది,” అంది రొప్పుతూ. “గెడ మీద సెయ్యేసాను. తర్వాత నాకు తెలీదు.”

“తెలీదంటే ఎలగే? ఎప్పుడాపాలి నాను?”

“నాకు తెలీదయ్యా. పడిపోయాను.”

ఇంక చెప్పేవాళ్ళు లేరు. అతను ప్లగ్గు పీకి, మూత తన్ని, మండుతున్న డబ్బాని వట్టి చేతుల్తో పెకలించి పట్టుకుని, వంటిల్లు దాటి, ముందుగది దాటి, మెట్టు మీది జోగారావుని తోసుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. నల్లటి గింజలు కాలవలో పడి సుయ్యిమన్నాయి. సత్తెమ్మ గోడమీంచి ఏదో అడిగింది. అతను వినలేదు. లోపలికి రావడానికి మాత్రం కాళ్ళు రాలేదు. ఆ రోజుకి పొగ ఎక్కువ పోయుంటే, పీట మీద ఆమె ఉంటుందో లేదో.

“ఏటయ్యా, అక్కడే నిలబడిపోయావు?” లోపల్నుంచి కేక వినబడింది. కేక వెనకాలే దగ్గు.

ఉంది. అదే పీట మీద, అదే చీర, అదే సగం ఊపిరి. ఒక్క పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అతను ఆమె ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి.

“మధ్యలో ఎందుకు తగ్గించావు?” అని అడిగింది.

“నీకు ఊపిరాడట్లేదని.”

ఆమె తల ఊపింది. “ఆ గుక్కతోనే లేచి గెడ దాకా వెళ్ళాను,” అంది. గుండెల మీద చెయ్యేసుకుని, “తర్వాతొచ్చిన పొగే నా ఊపిరి తినేసింది,” అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. అందులో ఏది పెద్దదో తేల్చి చెబుతుందేమోనని అతను ఎదురుచూసాడు. ఆమె కింద పడిన పంపు వెతుక్కుంటోంది.

అతనికి ఒళ్ళు మండుకొచ్చింది. ఏడాదిపాటు, చెయ్యనిదానికి, తింటున్న కంచం దగ్గర కూడా వదలకుండా తిట్టిన మనిషి. ఇవాళ చేసాడు. నిజంగా, తన చేత్తో, ఆమె చూస్తుండగా చేసాడు. ఇవాళ ఈవిడ నోట్లోంచి ఒక్క తిట్టు రాదు. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?

“తిట్టవే,” అన్నాడు. “ఏటలా సూస్తావు? తిట్టు.”

“ఇంకేటి మిగిలింది తిట్టడానికి? అంతా ముందే తిట్టేసాను కదయ్యా.”

పంపు దొరికింది. కొంగుతో తుడిచి రొంటిన దోపుకుని, పీట మీంచి నెమ్మదిగా లేచింది. “జోగీ, లోపలికి రా, మీ బావ సేతులు కాలేయి,” అని కేకేసి, ఆ చేతులకి రాయడానికి ఏదైనా తెద్దామని వంటింట్లోకి నడిచింది. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని, ఊపిరి కోసం ఆగింది.

అలా ఆగడం దాలినాయుడు ఏడాదిగా రోజూ చూస్తూనే ఉన్నాడు. ఇవాళే మొదటిసారి తల దించుకున్నాడు.